బావ తలూపిన మాట

మొన్న మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. ఎండాకాలంలో కరెంటు పోవడం చెప్పుకోదగ్గ విషయం కాదు గానీ, ఆ రోజు అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. నెత్తిమీద ఫ్యాను, పక్కింటి మిక్సీ, ఎదురింటి టీవీలో ఏడుస్తున్న కోడలు, సందు చివర పిండిమర, అన్నీ. ఇంత చప్పుడు మధ్య బతుకుతున్నామని అప్పటిదాకా నాకు తోచనే లేదు. పెరట్లో మా ఆవిడ బియ్యం చెరుగుతుంటే చేట అంచుకు రాళ్ళు తగిలే చప్పుడు కూడా వినిపించింది. అంతలో వీధిలోంచి ఎవరో, "ఈ కరెంటోళ్ళు ఏటి సేస్తన్నారో!" అని విసుక్కున్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే కళ్ళు తడయ్యాయి. మూడేళ్ళ క్రితమైతే ఆ విసుగు వినాల్సిన మనిషి మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. వినిపించుకునేవాడు కాదు, అది వేరే సంగతి.

ఆయన మా బావ. మా ఒక్కగానొక్క అక్క పెనిమిటి. ప్రభుత్వం వారి థర్మల్ ప్లాంటులో బొగ్గు మిల్లుల దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. మొదట ఎక్కడో గోదావరి అవతలి ప్లాంటులో చేరాడు. మన వైపు సముద్రానికి దగ్గరలో కొత్త ప్లాంటు కట్టాక బదిలీ పెట్టుకుని వచ్చేశాడు. రైలు తెచ్చిన బొగ్గు ముందు ముక్కలవుతుందిట, ఆ ముక్కలు మిల్లులోకి వెళ్ళి మెత్తటి పొడి అవుతాయిట, ఆ పొడిని గాలి బాయిలర్లోకి ఊదుతుందిట. ఇదంతా పెళ్ళయిన కొత్తలో ఆయన మా నాన్నకి అరటాకు మీద అన్నంతో కుప్పలు పెట్టి చూపించాడు. "మీ అమ్మాయి మొకానికి రాసుకున్న పౌడరు కన్నా మెత్తగుంటాది మావయ్యా మా బొగ్గు పౌడరు," అన్నాడు. మా నాన్న ఆ మాటకి నవ్వాలో కోప్పడాలో తెలియక పప్పు వడ్డించమన్నాడు.

మా బంధువర్గంలో ఆయన ఉద్యోగం గురించి ఒక్కరికీ సరిగా తెలియదు. కరెంటు తయారు చేసే చోట పని అంటే, కరెంటు పోతే తప్పు కూడా ఆయనదే అని అందరూ తీర్మానించుకున్నారు. పెళ్ళిలో లైట్లు ఆరితే ఆయన వంక చూసేవారు. బుచ్చెయ్యపేట నుంచి ఒక పెద్దాయన పనిగట్టుకుని వచ్చి, తన పొలంలో మోటారుకి సగం కరెంటే వస్తోందని ఫిర్యాదు చేశాడు. బావ ఓపిగ్గా విని, "అలాగే తాతా, రేపు కొంచెం ఎక్కువ బొగ్గు ఎయ్యిస్తాను," అన్నాడు. ఆ పెద్దాయన తృప్తిగా వెళ్ళిపోయాడు. మరుసటి వారం ఆయనే రెండు పనసకాయలు పంపించాడు, మోటారు బాగా తిరుగుతోందని.

నేను మా ఊరి పంచదార ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. చెరుకు ఆడే రోజుల్లో మా ఫ్యాక్టరీ గొట్టంలోంచి కూడా పొగ వచ్చేది. బావకీ నాకూ ఆ పొగల మీద ఎప్పుడూ పంతమే. "మీది తియ్యటి పొగరా, నాలుగు నెల్లు ఆడి పండుకుంటాది. మాది పండగా లేదు పబ్బం లేదు," అనేవాడు. "నీ పొగతో కాఫీ కూడా తియ్యగవ్వదు బావా," అనేవాణ్ణి. బావా బావమరుదుల మాటలు. ఆ రోజుల్లో ఇంకా నా మాటలు ఆయనకి వినిపించేవి.

చెవులు ఒక్క రోజులో పోలేదు. ముందు గడియారం టిక్కుటిక్కు పోయిందన్నాడు. తర్వాత పిట్టలు. బొగ్గు మిల్లు పక్కన నిలబడడమంటే కదిలే రైలింజను పక్కన ఎనిమిది గంటలు నిలబడడమేనట. కంపెనీ వాళ్ళు చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇచ్చేవారు. ఈయన వాటిని చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఎందుకంటే, అవి పెట్టుకుంటే మిల్లు పాట వినబడదుట. లోపల ఇనుప ముక్క పడినా, బేరింగు వేడెక్కినా మీటరు చెప్పేలోపల చప్పుడు చెబుతుందని ఆయన నమ్మకం. నిజంగానే రెండుసార్లు అలా పెద్ద నష్టం ఆపాడని ఒక సభలో శాలువా కప్పారు. ఆ సభలో పెద్ద ఆఫీసరు ఏమని పొగిడాడో ఆయనకి సగమే వినబడింది. మిగతా సగం మా అక్క ఇంటికొచ్చాక చెప్పింది.

మిల్లుల దగ్గర ఎవరికీ ఎవరి మాటా వినబడదు కాబట్టి అక్కడి వాళ్ళంతా చేతులతో మాట్లాడుకుంటారు. అరచెయ్యి కింద నుంచి పైకి లేపితే బొగ్గు పెంచమని. బోర్లించి కిందికి అదిమితే తగ్గించమని. రెండు ముంజేతులు అడ్డంగా పెడితే ఆపెయ్యమని. ఈ భాష క్వార్టర్సులోకి ఎలా వచ్చిందో గానీ మా అక్క అదంతా నేర్చేసుకుంది. భోజనాల దగ్గర బావ అరచెయ్యి లేపితే ఇంకో గరిటె అన్నం, బోర్లిస్తే చాలు. ఆయన పులుసులో కారం ఎక్కువైందని ముంజేతులు అడ్డంగా పెడితే ఆవిడ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ భయపడి, "పిల్లకి మాట పోయిందేటిరా?" అని నన్ను పక్కకి పిలిచి అడిగింది.

మాట పోలేదు గానీ మా అక్కది మొదటి నుంచీ చిన్న గొంతు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పమంటే మేష్టారు బల్ల దిగి వచ్చి ఆవిడ నోటి దగ్గర చెవి పెట్టేవారు. చెవులు పోతున్న మొగుడికీ గొంతు లేని పెళ్ళానికీ ముడి పడిందని అందరూ నవ్వేవారు. మేమంతా బావతో మాట్లాడాలంటే అరిచేవాళ్ళం. నేనైతే వీధి చివరిదాకా వినబడేలా అరిచేవాణ్ణి. అక్క మాత్రం ఒక్కనాడూ అరవలేదు. "అరిస్తే ఏటవుద్దిరా, మాటకి కోపం వచ్చినట్టుంటాది. ఆయనకి మాట ఇనబడదు, నా మొకంలో కోపమే అవుపిస్తాది," అంది ఒకసారి. చేత్తో చెప్పేది, లేదంటే ఎదురుగా కూర్చుని పెదాలు కదిపేది. ఆయన చూసి అర్థం చేసుకునేవాడు.

మిగతా జనంతో మాత్రం బావ ఒక సులువైన దారి కనిపెట్టాడు. ఎవరేమన్నా తలూపేసేవాడు. మొహమాటస్థుడు, మళ్ళీ అడగడానికి సిగ్గు. అలా తలూపే బస్సులో తన సీటు ఇంకొకరికి ఇచ్చేశాడు. రిటైరై చోడవరం వచ్చి మా వీధిలో ఇల్లు కట్టుకున్న ఏడాది, కుర్రాళ్ళు గుంపుగా వచ్చి ఏదో అడిగితే నాలుగైదుసార్లు తలూపాడు. సాయంత్రానికి వినాయక చవితి కమిటీకి అధ్యక్షుడని మైకులో చెబుతున్నారు. అది కూడా ఆయనకి వినబడలేదు. అక్క నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుని, రెండు చేతులతో వినాయకుడి చెవులు చూపించి, తర్వాత ఆయన వైపు వేలు పెట్టింది.

ఆ చెవుడు వల్లే ఒక తెగతెంపు కూడా జరిగింది. బావకి చీడికాడలో ఒక తమ్ముడున్నాడు. ఒక పెళ్ళి భోజనాల దగ్గర ఈయన ఏదో అడ్డదిడ్డంగా జవాబు చెబితే, ఆ తమ్ముడు పంక్తంతా వింటుండగా "మా అన్న సెవిటి మాలోకం" అన్నాడు. ఏం దురదృష్టమో, ఏ మాటా వినబడని మనిషికి ఆ మాట వినబడింది. చెయ్యి కడుక్కుని లేచి వచ్చేశాడు. తర్వాత తొమ్మిదేళ్ళు అన్నదమ్ములకి మాటల్లేవు. అక్క ఎన్నోసార్లు నచ్చజెప్పబోయింది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయన ఆమె మొహం వైపు చూసేవాడు కాదు. చూస్తే వినాల్సి వస్తుంది కదా.

వాళ్ళకి ఒక్కతే కూతురు, నా మేనకోడలు. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. మొదటి జీతంతో తండ్రికి చెవి మిషను కొనితెచ్చింది. చిక్కుడు గింజంత ఉండేది. బావ పెట్టుకున్నాడు, ఒక్క పూట. ఫ్యాను తిరిగితే మిల్లు తిరిగినట్టుందని, అక్క గిన్నె దింపితే పిడుగు పడినట్టుందని తీసి డబ్బాలో పెట్టేశాడు. అన్నాళ్ళు మూతపడిన చెవి అలవాటు పడాలంటే కొన్ని వారాలు ఓర్చుకోవాలని పిల్ల చెప్పింది. "ముప్పై ఏళ్ళు ఇన్నానమ్మా సప్పుడు. ఇంక సాల్లే," అన్నాడు. అక్క కూడా రెండు మూడుసార్లు ఆ డబ్బా తెచ్చి ఆయన ఒడిలో పెట్టింది. ఆయన తలూపాడు. డబ్బా మళ్ళీ బీరువాలోకి వెళ్ళింది.

ఇక చెప్పాల్సింది చెప్పాలి. అక్కకి గుండె బలహీనపడింది. కాళ్ళకి నీరు, చేతులకి నీరు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. విశాఖపట్నంలో ఇరవై రోజులు ఉంచి, ఇంటికి తీసుకెళ్ళి కళ్ళెదురుగా పెట్టుకోమన్నారు. అవి చెరుకు ఆడుతున్న రోజులు. ఊరంతా బెల్లప్పాకం వాసన. ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశాం. బావ స్టూలు మీద కూర్చునేవాడు. అన్నం కూడా అక్కడే. ఆమె చేతులు ఉబ్బిపోయి వేళ్ళు ముడుచుకునేవి కావు. చేత్తో ఏదైనా చెప్పబోయి, సగం లేపి వదిలేసేది. ఆ సగం చూసి ఆయన మిగతా సగం ఊహించుకునేవాడు.

ఇంటికి తెచ్చిన ఆరో రోజు, పొద్దున్న ఎనిమిదవుతుందేమో. మా ఆవిడ వంటింట్లో జావ కాస్తోంది. మేనకోడలు విశాఖపట్నం నుంచి బస్సులో వస్తూ సబ్బవరం దాటానని ఫోను చేసింది. అక్క నోరు ఆరిపోతోందని బావ నన్ను కొబ్బరిబొండాలకి పంపించాడు. సెంటర్లో బండి దగ్గర రెండు బొండాలు కొట్టించి, నీళ్ళు సీసాలో పోయించుకుని, పది నిమిషాల్లో వచ్చేశాను. బావ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి గొంతు తగ్గించి, "ఇప్పుడే ఏదో అన్నాదిరా. అనీసి నిద్దరోయింది. సప్పుడు సెయ్యకు," అన్నాడు.

నాకు గుమ్మంలోనే తెలిసింది. సీసా కింద పెట్టాను. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఏమని చెప్పను? ఎలా చెప్పను, అరిచి చెప్పనా? నా మొహం చూసి ఆయనే ఆమె వైపు తిరిగాడు. చెయ్యి వదల్లేదు.

పదో రోజు దాటాక చుట్టాలు సర్దుకుని వెళ్ళిపోయారు. పిల్లకి ఇంకా వారం సెలవుంది. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి బావ చెవి మిషను పెట్టుకుని కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. నొప్పిగా ఉన్నట్టు మొహం ముడుచుకుపోయింది గానీ తియ్యలేదు. "మీ ఆవిడ ఆ రోజు వంటింట్లో ఉన్నాది కదా. మీ అక్క ఏటన్నాదో ఇన్నాదేటి?" అని అడిగాడు. అప్పటికే మా ఆవిణ్ణి రెండుసార్లు అడిగాడట. ఆమె స్టవ్వు దగ్గర ఉంది, ఏమీ వినలేదు. "పోనీలే బావా, మంచినీళ్ళు అడిగుంటాది," అన్నాను.

"మంచినీళ్ళు కాదురా. ఐదారు మాటలున్నాయి. మొకం దిండులోకి ఒదిగిపోయింది, పెదాలు సరిగా అవుపించనేదు. సెయ్యి లేపబోయింది, రానేదు. అప్పుడు నోటితో అన్నాది. అనీసి నా ఏపు సూసింది, జవాబు కోసం." ఆగి, ఊపిరి పీల్చుకుని అన్నాడు. "నాను తలూపీసేన్రా."

నేను లేచి ఫ్యాను కట్టేశాను.

"నాను తలూపితే అది కొంచెం నవ్వింది. అంటే నాను ఏదో ఒప్పీసుకున్నాను. ఏటి ఒప్పుకున్నానో తెల్దు. సచ్చిపోయే మనిషికి మాటిచ్చి, ఆ మాటేటో తెలీకుండా ఎలా బతకమంటావురా?"

ఆ ప్రశ్నకి ఆయనే ఒక దారి చెప్పాడు. అక్కకి ఏయే కోరికలుండేవో, ఆయనతో ఏమేమి చెయ్యించాలనుకునేదో, తెలిసినవన్నీ చెప్పమన్నాడు. అన్నీ చేసేస్తే వాటిలో అదీ ఉంటుంది కదా అన్నాడు. ఇనుప ముక్క ఎక్కడ పడిందో తెలియకపోతే మిల్లంతా విప్పి చూస్తారు, అదే లెక్క అన్నాడు. నేను ఊరడింపుగా సరేనన్నాను. ఆయన అన్నంత పనీ చేస్తాడని అనుకోలేదు.

బీడీ మానేశాడు. నలభై ఏళ్ళ అలవాటు, అక్క పెళ్ళయిన నాటి నుంచీ పోరింది. ఒక్క పొద్దుటితో మానేశాడు. పెరట్లో స్నానాల గది తలుపుకి గడియ పడక మూడేళ్ళు అయింది, ఎవరో ఒకరు బయట కాపలా ఉండాల్సి వచ్చేది. తనే సుత్తి పట్టుకుని కూర్చుని బాగు చేశాడు. ఇప్పుడు ఆ గది వాడుకునేది ఆయనొక్కడే. అరకు రైలెక్కి సొరంగాలు చూడాలని అక్క ఎప్పుడూ అనేది. కూతురితో వెళ్ళొచ్చాడు. ఎలా ఉంది బావా అంటే, "సీకటి వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలేస్తన్నారు. మిషనుండబట్టి ఇనబడ్డాయి. బాగున్నాయి," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను.

తమ్ముడి దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్ళాడు. చీడికాడలో బస్సు దిగి నడిచి వెళ్ళాం. తమ్ముడు వసారాలో కూర్చుని వలిచిన చింతపండులోంచి గింజలు ఏరుతున్నాడు. అన్నని చూసి లేచి నిలబడిపోయాడు. బావ దగ్గరికి వెళ్ళి, "ఒరే, మీ వదిన ఎల్లమన్నాది, వచ్చేను," అన్నాడు. అంతే. ఆ పెద్ద మనిషి చింతపండు చేతులతోనే అన్న కాళ్ళు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తిరిగి వస్తుంటే, "ఇదే అయ్యుంటాది కదా?" అని అడిగాడు బావ. అవునన్నాను. రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడు. "ఇదే అని ఎలా అనుకోడం? ఇంకా ఏటున్నాయో సెప్పు," అన్నాడు.

అలా నాలుగు నెలలు. మనిషి సగమయ్యాడు. మేనకోడలు ఫోనులో ఏడ్చేది. ఇది ఆపాలని నాకు నేనే నిర్ణయించుకుని ఒక సాయంత్రం వెళ్ళి అబద్ధమాడాను. ఆ రోజు నేను బొండాలు తెస్తూ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అక్క మాట నా చెవిన పడిందనీ, దుఃఖంలో మర్చిపోయి ఇప్పుడు గుర్తు తెచ్చుకున్నాననీ చెప్పాను. ఏమందో చెప్పమన్నాడు. "బేగి అన్నం తినీసి పండుకోండి, నాను బాగానే ఉన్నాను, అన్నాది బావా," అన్నాను.

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. పెదాలు చూసి మాటలు తెలుసుకునే మనిషికి మొహాలు చూసి అబద్ధాలు తెలుసుకోవడం ఏమంత పని. "నువ్వొచ్చే సరికి అది పోయిందిరా బాబూ. నువ్వు గుమ్మంలో నిలబడి ముందు దాన్ని సూసేవు, తరవాత నన్ను సూసేవు. నాకు గురుతుంది," అన్నాడు. నేను తల దించుకున్నాను. నా మోకాలి మీద చెయ్యి వేసి, "అబద్ధమైనా బాగుందిరా. దాని మాటలాగే ఉంది. ఇంకోసారి సెప్పు," అన్నాడు.

చెప్పాను.

ఆ నీరసంలోనే, ఎన్నాళ్ళుగానో నోట్లో దాచుకున్న ఇంకో మాట బయటపడిపోయింది. చెప్పకూడదనుకున్నది. అక్క పద్దెనిమిదేళ్ళు ప్లాంటు క్వార్టర్సులో ఉంది. డాబా ఎక్కితే పొగ గొట్టాలు కనబడేవి. కానీ లోపల బావ పనిచేసే చోటు ఒక్కసారీ చూడలేదు. ఒక ఏడాది కుటుంబాలని లోపలికి తీసుకెళ్ళి చూపిస్తామన్నారు. ఆవిడ కొత్త చీర తీసి పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే మా అమ్మకి కాలు విరిగి అనకాపల్లి ఆసుపత్రిలో పడితే, సంచి సర్దుకుని వచ్చేసింది. మంచం పక్కన కూర్చుని నాతో అంది, "అక్కడేటుందిరా? నా మొగుడి సెవులు తినీసింది ఎలాగుంటాదో ఒక్కసారి సూడాలనుండేది." మరుసటి ఏడాది చూద్దువుగానిలే అన్నాను. మళ్ళీ అలాంటి రోజు పెట్టలేదు. తీర్చడానికి వీల్లేని కోరిక కాబట్టే ఆయనకి చెప్పకుండా ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని మా ఇంటి ముందు నిలబడ్డాడు. "పద, నువ్వు సూద్దువు గానీ. అదీ నువ్వూ ఒక్క కడుపున పుట్టినోళ్ళే కదా," అన్నాడు.

రెండు బస్సులు మారి వెళ్ళాం. ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషి ఒకాయన ఇప్పుడు అక్కడ ఆఫీసరు. గేటు దగ్గరికి వచ్చి బావ రెండు చేతులూ పట్టుకుని, పాసు రాయించి, ఇద్దరికీ హెల్మెట్లు పెట్టి, నా చెవులకి బిరడాలు ఇచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. బిరడాలు ఉన్నా సరే, ఆ చప్పుడు చెవుల్లోంచి కాదు, అరికాళ్ళలోంచి ఎక్కింది. పళ్ళు కదిలాయి. పాతిక కాగుల్ని ఒకదాని మీద ఒకటి బోర్లించినంత ఇనుప మిల్లులు, వరసగా. గాలిలో సన్నటి నల్లటి నలుసు. నా చొక్కా గుండీ గుండెకి కొట్టుకుంటోందా, గుండె గుండీకి కొట్టుకుంటోందా తెలియలేదు. ఇలాంటి మిల్లుల పక్కన ముప్పై ఏళ్ళు నిలబడి మా ఇళ్ళలో ఫ్యాన్లు తిప్పిన మనిషిని మేము లైట్లు ఆరినప్పుడల్లా నవ్వుతూ తిట్టాం.

బావ మిషను తీసి రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అక్కడ ఆయనకి అది అక్కర్లేదు. అక్కడ అందరూ ఆయనలాంటివాళ్ళే. నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన నిటారుగా నిలబడడం చూశాను. ఒక మిల్లు ముందు కటకటాల మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి చేతులతో మాట్లాడడం మొదలుపెట్టాడు. తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు, మిల్లుని చూపించాడు, నన్ను చూపించాడు, అరచెయ్యి పైకి లేపాడు, మెల్లగా బోర్లించాడు, ఇంకా ఏవేవో. చాలాసేపు చెప్పాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అక్క అయితే ప్రతి ముక్కా చదివేది. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. ముగించి, జవాబు కోసం నా వైపు చూశాడు.

నేను తలూపాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మిషను మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. సబ్బవరం దాటాక అడిగాడు, "అక్కడ నానన్నది నీకు తెలిసిందేటి?" ఇంకో అబద్ధమాడే ధైర్యం లేకపోయింది.

"తెల్లేదు బావా."

"మరి తలెందుకూపేవు?"

"అంత ఇదిగా సెప్తన్నావు. అర్దమవనేదంటే నీ మనసు కష్టపడతాదని."

బావ కిటికీ వైపు తిరిగాడు. బయట చెరుకు తోటలు వెనక్కి పోతున్నాయి. నాతో కాదు, కిటికీతో చెబుతున్నట్టు అన్నాడు. "నానూ అందుకే ఊపేన్రా. అది అంత ఆయాసపడి సెప్తంటే, ఇనబడనేదు, మళ్ళీ సెప్పు అని ఎలాగంటాను? ఇంక ఊపిరి ఎక్కడుందని దానికి?" అని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. అక్క పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. టికెట్లు కొట్టడానికి వచ్చిన కండక్టరు ఒక్క క్షణం చూసి ముందు సీటుకి వెళ్ళిపోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. చోడవరం కాంప్లెక్సు వచ్చేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఆయన మరి నన్ను అక్క కోరికలు అడగలేదు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చునేవాడు. తమ్ముడు ఆదివారాలు చీడికాడ నుంచి కూరగాయలు పట్టుకొచ్చేవాడు. అన్నదమ్ములిద్దరూ పెద్దగా మాట్లాడుకోకుండానే పొద్దుపోయేదాకా కూర్చునేవారు. కొంచెం తేరుకున్నాడనే అనుకున్నాం. ఆషాఢం వానల్లో ఒక మధ్యాహ్నం గుండెల్లో నొప్పి అన్నాడు. ఆటోలో అనకాపల్లి తీసుకెళ్ళేసరికే అయిపోయింది.

మిల్లు ముందు ఆయన చేతులతో నాకేం చెప్పాడో నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే. బస్సులో ఏడుస్తున్న మనిషిని ఏమడుగుతాం, ఇంకో రోజు అడుగుదామనుకున్నాను. ఆ తర్వాత రోజూ ఎదురుగానే కూర్చునేవాడు కదా, తొందరేముందనుకున్నాను. ఒక్కోసారి ఒంటరిగా ఉన్నప్పుడు ఆ కదలికల్ని గుర్తు తెచ్చుకుని నా చేతులతో చేసి చూస్తాను. గుండె మీద చెయ్యి, అరచెయ్యి పైకి, మెల్లగా బోర్లించడం. మధ్యలో కొన్ని జారిపోయాయి. మా ఆవిడ చూసి ఏటి సేస్తన్నారని అడిగితే, ఏమీ లేదంటాను. వినడానికి ఇంకా బోలెడు కాలముందని మనం అనుకుంటూ ఉండే రోజుల్లోనే, మనవాళ్ళు మనతో చెప్పాల్సింది చెప్పేసి వెళ్ళిపోతారు.